తాతల రాళ్ళ గేటుకు వేసిన తాళం

నేను ఒక తాళం కప్పని. ఘనమైన వంశంలో పుట్టినదాన్నేం కాదు. అరచేతిలో ఇమిడే ఇత్తడి ఒళ్ళు, పైన ఇనుప వంపు, కింద ఒక కంత. అంతే నేను. ఇప్పుడు నన్ను చూడాలంటే మీరు అడవిలోకి రావాలి. టేకు చెట్ల మధ్యన ఒక కంచె, కంచెకు ఒక గేటు, గేటుకు గొలుసు, ఆ గొలుసుకు నేను. వచ్చిన వాళ్ళందరూ నన్ను దాటి లోపలికి చూస్తారు. నన్ను చూసేవాళ్ళు మాత్రం తిట్టుకోవడానికే చూస్తారు.

తాళం అంటే ఎవరినో బంధించేది అనుకుంటారు మీరు. తప్పు లేదు, అందరూ అలాగే అనుకుంటారు. కానీ ఒక్కసారి నా వైపు నుంచి చూడండి. తలుపు వెనక ఉన్నది ఏదైనా సరే, దానికి కాస్త మసిలే చోటు ఉంటుంది. నాకు అదీ లేదు. నా నోట్లో నా కొక్కేన్నే నేను కరుచుకుని కూర్చోవాలి. తెరుచుకున్నా సుఖం లేదు, ఇంకోచోట మూయడానికే తెరుస్తారు.

ఉత్తరాదిన ఒక ఇరుకు గల్లీలో పుట్టాను. ఆ గల్లీలో మనుషులకు తాళాలు చేయడం తప్ప వేరే పని తెలియదు. ఒకాయన నా ఒళ్ళు పోత పోశాడు, ఇంకొకాయన ఆకురాయితో నున్నగా రాశాడు, మరొకాయన లోపల పలకలు అమర్చాడు. చివరికి ఒక ముసలాయన తాళం చెవి పెట్టి తిప్పి, నన్ను తన చెవి దగ్గర పెట్టుకుని టక్కుమన్న చప్పుడు విని, గంపలో పడేశాడు. బిడ్డ పుడితే ఏడుపు విని సంతోషిస్తారట. నేను మూసుకున్న చప్పుడు విని ఆయన సంతోషించాడు. పుట్టగానే మూతపడ్డదాన్ని నేను.

అక్కడి నుంచి లారీలో వరంగల్ చేరి, ఒక ఇనుప సామాన్ల దుకాణంలో దండెం మీద వేలాడాను. వచ్చినవాడల్లా నన్ను ఒకసారి గుంజి, పెదవి విరిచి పోయేవాడు. ఓదెలు అనే ఆయన మాత్రం గుంజలేదు. తడిసిన వేళ్ళతో తిప్పి చూసి, "ఇది సరిపోతది" అని కొనుక్కుపోయాడు.

ఓదెలుది సోడా బండి. ములుగు వైపు ఒక చిన్న మండల కేంద్రంలో, బస్టాండు ముందు గోలీ సోడాలు అమ్మేవాడు. సాయంత్రం బండి చక్రానికీ కరెంటు స్తంభానికీ కలిపి గొలుసు వేసి, నన్ను బిగించి ఇంటికి వెళ్ళేవాడు. తెల్లారి ఆయన కూతురు రవళి మెడలో దారానికి నా తాళం చెవి వేసుకుని, స్కూలుకు పోతూ పోతూ వచ్చి తెరిచేది. ఆ పిల్ల చెయ్యి తగిలితే నేను మొరాయించకుండా తెరుచుకునేదాన్ని. నిజం చెప్పాలంటే నా బతుకులో మంచి రోజులు అవే. బండి మీద ఖాళీ సీసాల్లో గోలీలు ఉండేవి చూడండి, మెడ దగ్గర ఇరుక్కుని, కిందికీ పోక, బయటికీ రాక. వాటిని చూస్తే నాకు నా చుట్టాల్లాగా అనిపించేది.

తర్వాత ప్లాస్టిక్ సీసాల నీళ్ళు వచ్చాయి, రంగు డ్రింకులు వచ్చాయి. గోలీ సోడా కొట్టించుకుని తాగేవాళ్ళు తగ్గిపోయారు. బండి అమ్మేసినా ఓదెలు నన్ను అమ్మలేదు. గొలుసుతో సహా అటక మీద పెట్టాడు. రవళికి పెళ్ళైంది, అత్తగారింటికి వెళ్ళింది. నేను అటక మీద చీకట్లో, తెరిచినట్టూ కాదు మూసినట్టూ కాదు, పడి ఉన్నాను.

ఇక అడవి సంగతి చెప్తాను.

ఆ మండలం నుంచి లోపలికి పోతే బండలవాగు అనే కోయ గూడెం ఉంది. గూడెం దాటి, వాగు దాటి, టేకు ఆకులు మడమల దాకా పరుచుకున్న దారిలో పోతే ఒక చిన్న రాళ్ళ వలయం కనిపిస్తుంది. మోకాలెత్తు రాళ్ళు, గుండ్రంగా నిలబెట్టినవి. కొన్ని మట్టిలో కూరుకుపోయాయి. ఒకటి పక్కదాని మీద ఒరిగి ఉంటుంది, పెళ్ళిలో కునుకు తీసే ముసలాయన లాగా. మధ్యలో పెద్ద బండ మూత. ఇనుము కొత్తగా వచ్చిన కాలంలో చచ్చిపోయిన వాళ్ళ సమాధులు ఇవి అని చదువుకున్న వాళ్ళు చెప్పగా విన్నాను. రోడ్డు మీది ఊళ్ళవాళ్ళు రాకాసి గూళ్ళు అంటారు. గూడెం వాళ్ళు మాత్రం తాతల రాళ్ళు అంటారు.

ఎవరో గుప్తనిధుల పిచ్చివాళ్ళు ఒకనాడు వచ్చి, పసుపు నిమ్మకాయలు పెట్టి, మధ్య బండ పక్కన గుంత తవ్వారు. బంగారం దొరకలేదు. రెండు కుండ పెంకులు, తుప్పు పట్టిన ఒక ఇనుప ముక్క దొరికితే అవీ విసిరేసి పోయారు. అప్పుడు పురావస్తు ఆఫీసు వాళ్ళకు మెలకువ వచ్చింది. రాళ్ళ చుట్టూ ఎత్తుగా జాలీ కంచె వేసి, పైన ముళ్ళ తీగ చుట్టి, ఇనుప గేటు పెట్టారు. ఓదెలును కాపలా మనిషిగా పెట్టుకున్నారు. అన్నీ వచ్చాయి గానీ గేటుకు తాళం రాలేదు. అడిగితే వస్తుంది అన్నారు. ఓదెలు కొంతకాలం తాడు కట్టి చూశాడు. మేకలు తాడు నమిలాయి. చివరికి అటక ఎక్కి, దుమ్ము దులిపి, నన్ను తెచ్చాడు. ఆయన ఇంటి తాళాన్ని, సర్కారు గేటుకు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి.

అలా నేను ఇక్కడికి వచ్చాను. గోలీ లేదు, చక్రం లేదు, బస్టాండు గోల లేదు. ఎండాకాలం ఒళ్ళు కాలుతుంది, వానాకాలం లోపల చెమ్మ. ఎదురుగా రాళ్ళు. అవి నాకన్నా ఎన్నో రెట్లు పెద్దవి వయసులో. కదలకుండా ఉండడంలో నాకు గురువులు.

అప్పుడప్పుడు పట్నం నుంచి జనం వచ్చేవారు. ఒక ఆదివారం వ్యాను నిండా వచ్చారు. ముందు నడిచిన పెద్దమనిషి దారంతా ఈ వలయం గొప్పతనం చెప్తూ వచ్చాడు. చెమటలు కక్కుతూ గేటు దగ్గరికి వచ్చి, జాలీలోంచి చూసి, ఆయన భార్య "ఇంతేనా?" అంది. ఆయన ముఖం చూడాలి అప్పుడు. ఇంతే అని ఒప్పుకోలేడు, ఇంకా ఉంది అని చూపించలేడు. ఆ కోపమంతా నా మీద తీర్చుకున్నాడు. తాళం లేకపోతే లోపలికి తీసుకెళ్ళి చూపించేవాణ్ణి అన్నాడు. తర్వాత అందరూ గేటు ముందు నిలబడి ఫొటో దిగారు. ఆ ఫొటోలో రాళ్ళు సగమే పడ్డాయి, నేను నిండుగా పడ్డాను.

వచ్చిన వాళ్ళల్లో నన్ను తిట్టని మనిషి ఒక్కడే, ఊకె గోపయ్య. గూడెంలో పెద్దమనిషి. ప్రతి ఏడూ మిరుగం, అంటే మృగశిర కార్తె, రాకముందర ఓదెలుకు కబురు చేసి గేటు తీయించుకునేవాడు. వాళ్ళ ఇంటి ఆచారం ఒకటుంది. విత్తనం మట్టిలో వేయకముందు ఒక పిడికెడు తెచ్చి తాతల రాళ్ళ ముందు పెట్టి, కాసేపు కూర్చుని, అందులోంచి సగం తిరిగి తీసుకుపోయి మిగతా విత్తనంలో కలుపుతారు. అప్పుడే నాగలి కదులుతుంది. ఇంట్లో పెద్ద దిక్కు పోతే, వాగులోంచి ఒక రాయి తెచ్చి వలయంలో ఆ పాత రాళ్ళ పక్కన నిలబెడతారు. రాయి నిలిచేదాకా పోయిన మనిషికి కూర్చోవడానికి చోటు లేనట్టే. ఆయన నిలబడి ఉండగా ఇంటివాళ్ళు విత్తనం ముట్టరు.

గోపయ్య గేటు బయట కూర్చుని చుట్ట కాలుస్తూ, ఒరిగిన రాయి పక్కన ఖాళీ చోటు చూపించి, అది నాది అని ఓదెలుతో నవ్వుతూ చెప్పేవాడు. బస్సులో తువ్వాల వేసి సీటు ఆపుకున్నట్టు చెప్పేవాడు.

శివరాత్రి పోయాక గోపయ్య పోయాడు.

ఆ ఎండాకాలం ఓదెలు రావడం తగ్గిపోయింది. ఎందుకో నాకు తర్వాత తెలిసింది, రవళిని కాన్పుకు పుట్టింటికి తీసుకొచ్చారు. ఆ పిల్ల మంచం దిగకూడదని డాక్టరమ్మ చెప్పిందట. నాకు మాత్రం అప్పుడు తెలిసింది ఒకటే, నా కంతలోకి ఎవరో వస్తున్నారు.

అది కుమ్మరి పురుగు. సన్న నడుము, పసుపు కాళ్ళు. మొదట తల పెట్టి చూసింది. తర్వాత వాగు నుంచి తడి మట్టి ఉండలు తెచ్చి నా కంత గోడలకు మెత్తింది. పచ్చని పురుగులను కుట్టి మత్తులో పడేసి, తెచ్చి లోపల దాచింది. ఒక గుడ్డు పెట్టింది. చివరగా మట్టి మూత వేసి, పైన చక్కగా నునుపు చేసి ఎగిరిపోయింది. ఇన్నేళ్ళు నేను ఎన్నింటినో మూశాను గానీ నన్ను మూసింది ఆ పురుగొక్కటే. లోపల ఏదో మెల్లగా కదిలేది. బయటికి రాలేనిది ఒకటి, తెరుచుకోలేనిది ఒకటి, ఇద్దరం ఒకే చీకట్లో ఉండిపోయాం.

రోహిణి ఎండలు ముదిరి, పడమట మబ్బు కమ్మడం మొదలైంది. ఒక పొద్దున్నే దారిలో మనుషుల మాటలు వినిపించాయి. నలుగురు మగవాళ్ళు వెదురు బొంగులకు తాళ్ళతో రాయి కట్టి మోసుకొస్తున్నారు. వాగులో నీళ్ళు నాకి నాకి నున్నగా చేసిన నల్లరాయి. ముందు నడుస్తున్నది గోపయ్య భార్య జోగమ్మ, కొంగులో విత్తనాల మూట. మోసేవాళ్ళలో ముందున్నవాడు ఆమె కొడుకు రమణయ్య. వాళ్ళు ముందే కబురు పెట్టారు కాబట్టి ఓదెలు కూడా మోపెడ్ మీద వచ్చి, వాగు దగ్గర దిగి, చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

రాయిని గేటు ముందు దింపారు. ఓదెలు జేబులోంచి చెవి తీసి, నన్ను చేతిలోకి తీసుకుని, ఆగిపోయాడు. బొటనవేలితో నా కంతను తడిమాడు. మళ్ళీ తడిమాడు.

"అవ్వా, తాళం రాదు," అన్నాడు.

"చెవి మర్శి వచ్చినవా?" రమణయ్య అడిగాడు.

"చెవి ఉన్నది. కంతల కుమ్మరి పురుగు గూడు వెట్టింది."

రమణయ్య నవ్వాడు. పురుగే కదా, సైకిల్ పుల్లతో ఒక్క పోటు పొడిస్తే రాలిపోతుంది, ఇటు ఇవ్వమన్నాడు. ఓదెలు ఇవ్వలేదు. నన్ను పిడికిట్లో మూసుకున్నాడు.

మీకు తెలిసే ఉంటుంది. ఇంట్లో కుమ్మరి పురుగు గూడు కడితే ఆ ఇంట్లో బిడ్డ పుడుతుందని మనవాళ్ళ నమ్మకం. కట్టిన గూడును ఎవరూ చిదమరు. కడుపుతో ఉన్న మనిషి ఉన్న ఇంట్లోనైతే చీపురు కూడా అటు పోనివ్వరు.

"నా బిడ్డకు ఏడో నెల, రమణయ్యా," ఓదెలు అన్నాడు. "ఇంతకుముందు రెండుసార్లు నిలువలే. దీన్ని పొడువకు."

"నీ బిడ్డ యాడున్నది, ఈ గేటు యాడున్నది? నీ ఇంట్ల వెట్టిన గూడా ఇది?"

"సర్కారు తాళమైతే నేనే పొడుద్దును. ఇది నా ఇంటి తాళం. నా బిడ్డ మెడల ఏసుకొని తిరిగిన చెవి ఇది."

నాకు తెలిసినంతలో మనుషులు తాళాలతో అలా చుట్టరికం కలుపుకోవడం అదే మొదలు. సంతోషపడాలో, సిగ్గుపడాలో నాకు తెలియలేదు. వాళ్ళ దారికి అడ్డంగా ఉన్నది నేనే కదా.

రమణయ్యకు కోపం వచ్చింది. దాంట్లో తప్పు లేదు. ఆకాశం చూపించాడు. గూడెంలో అందరూ దుక్కులు దున్ని కూర్చున్నారు, వాన పడిన మర్నాడు అందరి విత్తనం మట్టిలో పడుతుంది, మనది మాత్రం గుమ్మిలో ఉంటుంది అన్నాడు. అదును తప్పితే ఏడాది గింజలు లేనట్టే అన్నాడు. ఓదెలు వింటూ నిలబడ్డాడు గానీ పిడికిలి విప్పలేదు. అప్పుడు రమణయ్య ఒంగి నేల మీద నుంచి ఒక గట్టి పుల్ల తీసుకున్నాడు.

జోగమ్మ రాయి పక్కన కూర్చుని దాని మీద పడిన ఆకులు తీసేస్తూ ఉంది. తల ఎత్తకుండానే అంది.

"ముట్టకురా. కడుపుతోని ఉన్నదాని ఉసురు వోసుకొని మీ అయ్యకు రాయి నిలవెడ్తవా?"

"మరేం జేద్దమే? కంచె మీదికెళ్ళి తాళ్ళేసి గుంజుదమా?"

"మీ అయ్య ఏమన్న దొంగనా, సొంతింట్లకు కంచె దుంకి పోతందుకు?"

పొడవకూడదు, దూకకూడదు, ఆగకూడదు. మబ్బు మాత్రం ఆగడం లేదు. పొదల్లో గాలి తిరిగింది. గేటుకు ఇటు పక్క గోపయ్య రాయి, అటు పక్క గోపయ్య చోటు. మధ్యలో నేను. నా కడుపులో ఆ పురుగు పిల్ల. ఓదెలు పిడికిట్లో నేను. ఎవరికి ఎవరు అడ్డమో చెప్పలేని పరిస్థితి. గూడును తిట్టలేరు, ఓదెలును కొట్టలేరు, తల్లికి ఎదురు చెప్పలేరు.

మీరే చెప్పండి, అలాంటప్పుడు మనిషి ఏం చేస్తాడు? రమణయ్య పుల్ల పారేసి, కోపమంతా కూడగట్టుకుని, గేటును భుజంతో ఒక్క ఎత్తు ఎత్తాడు. ఎత్తుదామని ఎత్తలేదు. గుద్దుదామని గుద్దాడు, భుజం గేటు అడ్డపట్టీ కిందికి పోయి గేటు పైకి లేచింది.

కిర్రుమని చప్పుడైంది. నేనున్న వైపు కాదు. అవతలి వైపు, బందులు ఉన్న వైపు. గేటు రెండు ఇనుప మేకుల మీద కూర్చోబెట్టినదే. ఎత్తితే ఊడి వస్తుంది. పెట్టిన రోజు నుంచి అందరూ వచ్చి నా వైపే చూశారు, నన్నే గుంజారు, నన్నే తిట్టారు. అవతలి వైపు ఎవరూ చూడలేదు.

అందరూ ఓదెలు ముఖం చూశారు. కాపలా మనిషి ఆయన. గేటు ఊడదీశారని ఆఫీసులో తెలిస్తే ఆ చిన్న ఉద్యోగం పోతుంది. ఓదెలు గేటును చూశాడు, రాయిని చూశాడు, చేతిలో నన్ను చూశాడు.

"ఇంకొంచెం లేపు," అన్నాడు. "మెల్లగ. తాళం అదరొద్దు."

నలుగురూ కలిసి బందుల వైపు గేటును ఎత్తి, మేకుల మీంచి తప్పించి, మెల్లగా పక్కకు జరిపారు. గేటు మొత్తం నా చుట్టూ తిరిగింది. గొలుసు బిగుసుకుంది, నా ఇనుప వంపు మీద ఆ బరువంతా పడింది. ఓదెలు రెండు చేతులూ నా కింద పెట్టి, పసిపిల్ల తలను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఇన్నేళ్ళుగా తలుపులు తెరవకుండా ఉండడమే నా పని. ఆ పొద్దు ఒక తలుపు నా మీదే తిరిగి తెరుచుకుంది. నేను మాత్రం మూసుకునే ఉన్నాను.

దారి ఏర్పడగానే జోగమ్మ లేచింది. కంచె దూకలేదు, తాళం పగలగొట్టలేదు, వాకిలి తీసే ఉంది, ఇక తప్పేం లేదనుకుంది కాబోలు. లోపలికి పోతూ ఓదెలు దగ్గర ఆగింది.

"నువ్వు రావా లోపటికి? నీకు పుగాకు వెట్టినోడే గదా ఆయన."

"చెయ్యి తీస్తె గేటు బరువుకు కదుల్తది అవ్వా. మీరు కానియ్యిండ్రి."

"అయితె పట్టుకొని ఉండు కొడుకా," అంది.

వాళ్ళు గుంత తీసి, ఒరిగిన రాయి పక్కన నల్లరాయిని నిలబెట్టి, మట్టి కూరి, కాళ్ళతో తొక్కి గట్టి చేశారు. జోగమ్మ విత్తనాలు పోసి, దాని ముందు కూర్చుంది. ఏడవలేదు. ఇంట్లో ఏ ఆవు ఈనిందో, కప్పు ఎక్కడ కారుతుందో, అలాంటి కబుర్లు మెల్లగా చెప్పుకుంది. ఓదెలు గేటు బయటి నుంచే మెడ సాచి చూశాడు. ఏళ్ళ తరబడి అందరినీ బయట నిలబెట్టిన మనిషి ఆ రోజు తాను బయట నిలబడ్డాడు. నా కింద పెట్టిన చేతులు మాత్రం తీయలేదు. నా లోపల ఆ చిన్న ప్రాణం కదలడం ఆయన వేళ్ళకు తెలిసిందేమో, నాకు తెలియదు. నాకు మాత్రం తెలిసింది.

సగం విత్తనం తిరిగి కొంగులో వేసుకుని జోగమ్మ బయటికి వచ్చింది. గేటును మళ్ళీ ఎత్తి మేకుల మీద పెట్టారు. వాళ్ళు వాగు దాటారో లేదో, వాన కొట్టింది.

తర్వాత సంగతులు చిన్నవే. వానలు ఇంకా ముదరకముందే ఒక పొద్దున నా కంతలో మట్టి మూతకు చిన్న బెజ్జం పడింది. లోపలిది బయటికి వచ్చి, నా ఒంటి మీద కాసేపు కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుని, ఎగిరిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూడాలని నేనూ అనుకోలేదు. మిగిలిన మట్టి వానకు నాని, తుప్పుతో కలిసి, లోపల రాయిలా గట్టిపడింది.

పుట్టగొడుగుల కాలంలో జోగమ్మ గంప పట్టుకుని ఇటు వచ్చినప్పుడు ఓదెలు ఎదురుపడ్డాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఆడపిల్ల, అవ్వా. తల్లీ పిల్లా బాగున్నరు."

జోగమ్మ గంప దింపి, గట్టిపడిన నా కంతను వేలితో తడిమి, మరి ఇప్పుడు తాళం చెవి ఎక్కడ అని అడిగింది. ఓదెలు కాస్త సిగ్గుపడ్డాడు.

"ఉయ్యాలకు కట్టిన. పసిపిల్ల కాడ ఇనుము ఉండాలన్నరు. చేతికి అదే దొరికింది."

జోగమ్మ నవ్వింది. ఆ నవ్వులో రాళ్ళ మధ్య ఎక్కడో గోపయ్య కూడా నవ్వినట్టే అనిపించింది నాకు.

అప్పటినుంచి నేను తెరుచుకోలేదు. ఇక తెరుచుకోను కూడా. నా చెవి ఒక ఉయ్యాలకు వేలాడుతూ, పాప ఏడ్చినప్పుడల్లా గణగణమంటుందట. నేను ఇక్కడ ఈ గొలుసులో. మిరుగం ముందర గూడెం వాళ్ళు వచ్చి, అవతలి వైపు గేటు ఎత్తి, నా మీదుగా తిప్పి, లోపలికి పోయి తాతలతో కూర్చుని వస్తారు. పురుగు బయటపడింది, రాయి లోపలికి చేరింది, విత్తనం మట్టి చూసింది, పిల్ల వెలుగు చూసింది. కదలకుండా మిగిలింది ఆ వలయంలో రాళ్ళూ, ఇక్కడ నేనూ.

ఓదెలు ఇప్పటికీ కాపలాకు వస్తాడు. వెళ్ళే ముందు గేటు దగ్గర నిలబడి, నన్ను ఒకసారి గట్టిగా గుంజి చూస్తాడు. తాళం పడే ఉంది అనుకుని, నిశ్చింతగా మోపెడ్ ఎక్కి వెళ్ళిపోతాడు.